తొమ్మిది పుస్తకాలకు ఒకే జత కళ్ళు

బ్రాడీపేటలో నా టైపు కొట్టుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. కోర్టు కాగితాలవాళ్ళు, థీసిస్సులవాళ్ళు. కోర్టు కాగితాలవాళ్ళే నయం. అబద్ధమైనా సరే, ఎవరి అబద్ధం వాళ్ళు తెచ్చుకుంటారు. థీసిస్సులవాళ్ళతోనే నాకు ఒళ్ళు మండేది. మిగతా అధ్యాయాలు ఏదో తిప్పలు పడి రాసుకొచ్చారనుకుందాం. ఆ రెండో అధ్యాయం ఉంది చూశారూ, ‘పూర్వ పరిశోధనల సమీక్ష’ అంటారు, దాన్ని మాత్రం ఒకడి దగ్గర్నుంచి ఇంకొకడు మక్కికి మక్కి దించుకొచ్చేవాళ్ళు. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆయన అలా అన్నారు, ఇంకో ఆయన ఆ ఇద్దరితోనూ ఏకీభవించారు. అంతే. కళ్ళు మూసుకుని కొట్టేవాణ్ణి నేను.

ఒకసారి ఉండబట్టలేక ఒకాయనతో అన్నాను, “మేస్టారూ, పోయినేడు మీ స్నేహితుడికి కొట్టిన కాగితాల నకలు నా దగ్గరే ఉంది, పేరు మార్చుకుంటారా?” అని. సిగ్గుపడతాడనుకున్నా. “ఇచ్చెయ్యండి హుస్సేన్ గారూ, మీకూ శ్రమ తప్పుతుంది,” అన్నాడు!

నా పేరు ఇమాం హుస్సేన్. నా ఇంగ్లీషు టైపుమిషను మీద నేర్చుకున్న ఇంగ్లీషు. ఎంత చదువుకున్నవాళ్ళ రాతైనా నా వేళ్ళ మీదుగా పోవాల్సిందే కాబట్టి ఎవరి సత్తా ఎంతో నాకు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క రెండో అధ్యాయం కొడుతూ లేచి నిలబడ్డాను. అది సంతోషకుమారి గారిది. ఆవిడ గురించి చెప్పాలనే ఇదంతా.

ఎనభై నాలుగో సంవత్సరం చలికాలంలో మొదటిసారి వచ్చిందావిడ. ముప్ఫై ఏళ్ళుంటాయి. నేతచీర, భుజానికి గుడ్డసంచి, చేతిలో గొడుగు. మిషన్ హైస్కూల్లో సోషల్ టీచరు. నల్లపాడులో స్టేషన్ దగ్గర తల్లితో కలిసి ఉండేది. తండ్రి యేసుపాదం రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ పోయాడు. తల్లి ఎలీసమ్మ మిరపకోతలకీ పత్తితీతలకీ పోయి ఈవిడని హాస్టల్లో పెట్టి చదివించింది. ఇప్పుడు ఈవిడ సెలవు పెట్టి ఎం.ఫిల్. చేస్తోంది. విషయం కూడా అదే, మిరపకోత కూలి స్త్రీల పనీ బతుకూ.

ఆ సెలవు రావడమే గగనమైంది. జూన్‌లో బడి తెరిచేలోగా గైడు సంతకంతో యూనివర్సిటీలో కాగితాలు అప్పగించాలి. అప్పగిస్తే పట్టా. లేకపోతే మళ్ళీ సెలవిచ్చేది లేదని బడివాళ్ళు ముందే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. అంటే ఆ సంతకం మీదే అంతా.

గైడు చెంచురామయ్య గారు. పెద్ద పేరున్న మనిషి, వినుకొండ వైపు భూములున్న ఆసామి కుటుంబం. ఆయన రాసిన పుస్తకం చూడకుండా మన వైపు వ్యవసాయకూలీల మీద ఎవరూ కలం పట్టరు. మనిషి మంచివాడే గానీ మాట ఖరాఖండి. ఆయన ‘ఊఁ’ అంటే ఊఁ, ‘ఉహుఁ’ అంటే ఉహుఁ.

పేచీ ఒక్క వాక్యం దగ్గర మొదలైంది. సమీక్ష కోసం పుస్తకాలు చదువుతుంటే దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక మాట కనబడిందట ఆవిడకి. “ఈ ప్రాంతపు కూలి స్త్రీలు మిరపకోత రోజుల్లో మధ్యాహ్నం భోజనం చేయరు, అది వారి అలవాటు.” ఈ మాట పట్టుకుని ఈమధ్య ఒక నివేదికలో, కోత కూలీలకి మధ్యాహ్నం విరామం ప్రత్యేకంగా అక్కర్లేదని కూడా రాసేశారట. ఇంటికెళ్ళి తల్లికి చదివి వినిపించింది. ఆ మర్నాడు ఎలీసమ్మ కూతురి వెనకే రైలెక్కి నా కొట్టుకొచ్చింది, ఏదో నేనే రాసినట్టు.

“ఏందయ్యా ఆ రాత? మేం మధ్యాన్నం తినమా? తినకుండా సందేళదాకా ఎవడు వంగుతాడంట? ఆ రాసినోణ్ణి తీసుకురా, ఒక్క పూట చేలో వంచుతా. తింటాడో తినడో చూద్దాం!”

“నన్నంటావేంటమ్మా, నేను కొట్టేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదు,” అన్నాను.

“కొట్టేటప్పుడు కళ్ళు లేవా మరి?”

చెప్పొద్దూ, ఆ వాక్యం నేను ఎన్నిసార్లు కొట్టానో! నా చేతులకి అంత అబద్ధం అంటించిపోయినందుకు ఆ మేస్టార్లందరి మీదా కోపమొచ్చింది.

సంతోషకుమారి గారు వెళ్ళి చెంచురామయ్య గారికి చెప్పింది, ఇది నిజం కాదు సార్, మా అమ్మ ఇలా అంటోంది అని. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “అమ్మ మాట సమీక్షలోకి రాదమ్మా. నీ ఇంటర్వ్యూలు నీ నాలుగో అధ్యాయంలో రాసుకో. రెండో అధ్యాయంలో పుస్తకాలు ఏం చెప్పాయో అదే ఉండాలి,” అన్నారట.

ఇంకొకరైతే అక్కడితో ‘సరే సార్’ అని ఆ వాక్యం దించేసుకుని పోయేవాళ్ళు. ఈవిడ కూడా ‘సరే సార్’ అనే అంది. కానీ ఆ మాటని ఆయన అనుకోని విధంగా పట్టుకుంది. పుస్తకాలు ఏం చెప్పాయో కదా ఉండాలి? అయితే పుస్తకాల్నే అడుగుదాం అనుకుంది.

నల్లపాడులో వాళ్ళది ఒంటిగది. అందుకని నా కొట్టులో గోడవార బల్ల అడిగింది. ఇచ్చాను. ఆవిడ చదవడం మనం చదివినట్టు కాదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నట్టు చదివేది. “అయ్యా, ఈ మాట మీరు చూసి అన్నారా, విని అన్నారా? చూస్తే ఏ ఊళ్ళో, ఏ నెలలో? వింటే ఎవరి నోట? అప్పుడు పక్కన ఎవరున్నారు?” అని పైకే గొణిగేది. మొదట్లో నాకు అనుమానం వచ్చింది, ఎండ దెబ్బ ఏమైనా తగిలిందేమోనని.

“టీచరమ్మా, అది పుస్తకం. మాట్లాడదు,” అన్నాను.

“మాట్లాడుద్దండీ. కాకపోతే నిదానంగా అడగాలి,” అంది. “మనుషుల్ని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎట్టా అడగాలో మాకు నేర్పారు. కూలామెని ఆసామి ముందు అడిగితే ఒకటి చెబుద్ది, ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చుని అడిగితే ఇంకోటి చెబుద్ది. అందుకని ఆమె ఏం చెప్పిందో ఒక్కటే కాదు, ఎక్కడ చెప్పింది, ఎవరెదుట చెప్పింది, ఏం చెప్పకుండా ఊరుకుంది, అన్నీ చూడాలి. పుస్తకం మాత్రం మనిషి రాసింది కాదా? దానికి మాత్రం ఎందుకంత మర్యాద?”

ఆ మాట నాకు భలే నచ్చింది.

ప్రతి పుస్తకాన్నీ ఒకసారి ఏం చెప్పిందా అని చదివేది. మళ్ళీ మొదట్నుంచి, ఆ సంగతి దానికెట్టా తెలిసిందా అని చదివేది. ఆ తర్వాత, ఇందులో ఎవరి గొంతు లేదా అని చదివేది. పాత క్యాలెండర్లు కత్తిరించి వెనకవైపు ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాసేది. చూసిన మాటలన్నీ ఒక కుప్ప, విన్న మాటలన్నీ ఒక కుప్ప, ఇంకొకరి పుస్తకంలోంచి ఎత్తుకున్న మాటలన్నీ ఇంకో కుప్ప. కల్లంలో ఆడవాళ్ళు తాలుకాయలు ఏరి పక్కన పోస్తారే, అచ్చం అట్టాగే కూర్చుని ఏరేది. ఎంత ఏరినా చివరికి ఆ ఎత్తుకున్న కుప్పే కొండంత ఉండేది.

ఆ చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపించేది మహాతల్లి! గుంటూరులో, మార్చి నెలలో! మిర్చి బళ్ళు వీధిలో పోతుంటే ఆ ఘాటుకి ఒక పక్క తుమ్ములు, ఇంకో పక్క చెమటలు. “ఏమమ్మా, నీ చదువుకి నా ప్రాణం తీస్తావా?” అని కసురుకున్నాను. మర్నాడు పెద్ద గులకరాళ్ళు సంచీలో వేసుకొచ్చింది. ఒక్కో కుప్ప మీద ఒక్కో రాయి పెట్టి, “ఇప్పుడు వేసుకోండి ఫ్యాను,” అంది. నవ్వక ఏం చేస్తాను?

చివరికి తేలిందేంటంటే, మధ్యాహ్నం తినరన్న మాట తొమ్మిది పుస్తకాల్లో ఉంది. అందులో ఎనిమిదింటిని ఎంత నిలదీసినా, చూశామని ఒక్కటీ అనలేదు. వెనకటివాడి పేరు చెప్పాయి. వెనకటివాడు ఇంకా వెనకటివాడి పేరు చెప్పాడు. అందరూ వెళ్ళి వెళ్ళి ఒకే చోట ఆగారు, యాభైల్లో ఎవరో ఒకాయన అచ్చువేసిన చిన్న గ్రామ పరిశీలన దగ్గర. నూట నలభై రెండో పేజీ అని అందరూ రాశారు.

ఆ చిన్న పుస్తకం ఎక్కడా దొరకలేదు. పాత కాలేజీ లైబ్రరీ ఒకదాంట్లో పీరు అనే అటెండరు ఉండేవాడు, నాకు దూరపు చుట్టం. వాడి చేత అటక మీద మూటలన్నీ దించి వెతికిస్తే దొరికింది. ఆవిడ దాన్ని పట్టుకుని నా కొట్టుకొచ్చి, చివరి పేజీ తీసి చూపించింది. ఆ పుస్తకంలో ఉన్నవే తొంభై చిల్లర పేజీలు!

“మరి నూట నలభై రెండు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాను.

“ఎవరో ఒకరు మొదట తప్పు రాశారు. మిగతావాళ్ళు దాన్నే రాసుకున్నారు. అంటే ఈ పుస్తకాన్ని వాళ్ళెవరూ ముట్టుకోలేదన్నమాట.”

“ఓర్నీ! గొర్రెదాటంటే ఇదే గదా!” అన్నాను. ఆ అంకె తప్పు నా టైపుమిషను పుట్టకముందుదేనని కూడా చూపించి చెప్పింది. లేకపోతే ఎలీసమ్మ నన్నే పట్టుకునేది.

ఇక అసలు మాట. ఆ మొదటి పుస్తకంలో ఆయన రాసిందిది: “నేను వెళ్ళిన రోజుల్లో ఈ ఊరి కూలి స్త్రీలు కోతలో మధ్యాహ్నం భోజనం చేయడం నాకు కనబడలేదు.” అంతే రాశాడు, పాపం. రెండో ఆయన ‘నేను వెళ్ళిన రోజుల్లో’ అనేది ఎగరగొట్టాడు. మూడో ఆయన ‘ఈ ఊరి’ తీసేసి ‘ఈ ప్రాంతపు’ అని పెట్టాడు, అంటే రెండు జిల్లాలు. ఆయన పేరున్నవాడు కాబట్టి తర్వాతవాళ్ళంతా ఆయన మాటే పట్టుకున్నారు. ఒకరు ‘అది వారి అలవాటు’ అని తగిలించారు. ఇంకొకరు ‘వారి శరీరాలు అందుకు అలవాటుపడ్డాయి’ అన్నారు. ఒక ఊళ్ళో ఒకాయన కంటికి కనబడనిది రెండు జిల్లాల ఆడవాళ్ళ ఒంటి స్వభావమైపోయింది.

ఆ మూడో ఆయన ఎవరనుకున్నారు? చెంచురామయ్య గారు. సాక్షాత్తూ ఆవిడ గైడు.

ఆవిడ మాత్రం మొదటాయన ముందుమాట తీసి మళ్ళీ చదువుతోంది. అందులో ఆయన, మార్చి నెలంతా వారం వారం సంతబస్సులో తనని ఎక్కించుకుపోయినందుకు ఒక డ్రైవరుకి కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆ లైను దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

“హుస్సేన్ గారూ, మార్చి అంటే మాకు శ్రమదినాలు. ఏసుప్రభువు శ్రమలు తలుచుకుని ఈస్టరుదాకా ఉపవాసాలుంటాం. మా వాళ్ళు శుక్రవారాలు కోతకి పోయినా పగలంతా ఏమీ తినరు, సాయంత్రం ప్రార్థన అయ్యాకే తింటారు. ఆ సంత ఏ రోజో?”

“శుక్రవారమే అయ్యుంటుంది! రాసెయ్! ఇంకేం కావాలి?” అని గంతేశాను నేను.

“నాకు తట్టింది కదా అని రాస్తే నేనూ వాళ్ళలో పదోదాన్నవుతా గదండీ,” అంది.

ఆ వారమే తల్లిని తీసుకుని వినుకొండ బస్సెక్కింది. అక్కణ్ణుంచి తూమువారిపల్లె. ఆ పరిశీలన చేసింది ఆ ఊళ్ళోనే. తిరిగొచ్చిన రోజు ఇద్దరూ తిన్నగా నా కొట్టుకే వచ్చారు. టీలు తెప్పించాను. ఆ ఊరి చర్చి సంఘపెద్ద దానయ్యట, డెబ్భై దాటినాయన, ఆ పుస్తకం రాసినాయన, ఊళ్ళోవాళ్ళు టోపీ దొర అనేవాళ్ళట, బాగా గుర్తున్నాడట. ఆ రోజుల్లో ఆ ఊరి మీదుగా బస్సు పోయేది సంతరోజునేనట. సంత శుక్రవారం.

“ఉపవాసమని ఆయనకి మీరు చెప్పలేదా తాతా అని అడిగిందయ్యా మా సంతోషం,” అని ఎలీసమ్మ అందుకుంది. “ఆ ముసలాయన ఏమన్నాడో తెలుసా? ‘మమ్మల్నెవరు అడిగారమ్మా? గట్టు మీద ఆసామితో నిలబడి చూశాడు. వీళ్ళు తినరా అని ఆసామిని అడిగాడు. వీళ్ళింతేనండీ అన్నాడు ఆసామి. దొర రాసుకున్నాడు,’ అన్నాడు. చూశావా! మా కడుపు సంగతి ఆసామినడిగి రాసుకున్నారు!”

“ఇంకొకటి కూడా ఉందమ్మా, అది దాచకు,” అంది కూతురు. ఆ ఊళ్ళోనే రెబ్కా అని ముసలావిడని పొయ్యి దగ్గర కూర్చుని అడిగిందట. ఆవిడేమో, “ఉన్నప్పుడు తిన్నాం తల్లీ. లేనప్పుడు లేదు. లేనప్పుడు ఉపవాసమనే చెప్పుకున్నాం, పరువుకి,” అందట.

“ఆ ముక్క రాయొద్దు టీచరమ్మా, నీ వాదం బలం తగ్గుద్ది,” అన్నాను నేను.

“బలం కోసం తీసేస్తే, ‘నేను వెళ్ళిన రోజుల్లో’ని తీసేసినాయనకీ నాకూ తేడా ఏముంది?” అంది. ఎలీసమ్మ కూతురి వైపు చూసి చీరకొంగుతో మొహం తుడుచుకుంది. చెమటకే అనుకోండి.

రాసిన అధ్యాయం ఏప్రిల్ చివర్లో నా చేతికొచ్చింది. ఎంత బాగుందో ఎట్టా చెప్పను! మొదటాయనని ఒక్కమాట తూలలేదు. ఆయన చూసింది చూసినట్టే రాశాడని, హద్దు కూడా తనే చెప్పాడని గౌరవంగా రాసింది. ఆ తర్వాత ఎవరి దగ్గర ఏ మాట రాలిపోయిందో, ఏ మాట వచ్చి చేరిందో వరసగా పెట్టింది. తొమ్మిది పుస్తకాలున్నాయి గానీ చూసింది ఒకే జత కళ్ళు అని రాసింది. అది కొడుతూనే నేను కుర్చీలోంచి లేచాను. మూడో పేరు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ కూలబడ్డాను. చెంచురామయ్య గారి పేరు, సంవత్సరం, పేజీతో సహా ఉంది.

“టీచరమ్మా, నా మాట విను. ‘కొందరు పరిశోధకులు’ అని పెడతాను. ఎవరికీ నొప్పి ఉండదు.”

“మిగతా ఎనిమిదిమందికీ పేర్లున్నాయిగా?”

“వాళ్ళు నీకు సంతకం పెట్టాలా? కొరివితో తల గోక్కుంటానంటావేంటి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందంటారు జనం. ఇప్పటికి పట్టా తెచ్చుకో, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో.”

ఆవిడ ఆ పేరున్న కాగితం తీసుకుని మళ్ళీ ఒకసారి చదువుకుంది. భయం లేదని కాదు.

“హుస్సేన్ గారూ, నాకు పట్టా కావాలి. చాలా కావాలి. మా అమ్మ నడుము ఎందుకట్టా వంగిపోయిందో నాకు తెలుసు. కానీ ఆ పేరు తీసేస్తే ఒక ఊరి మాట రెండు జిల్లాల మాట ఎట్టా అయిందో చదివేవాళ్ళకి తెలియదు. అసలు మలుపు అక్కడే ఉంది. అది చెప్పని సమీక్ష నాకెందుకు? కొట్టండి.”

కొట్టాను. నా మిషను అంత బరువుగా ఎప్పుడూ లేదు.

ఆవిడ స్వయంగా తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది. “పెట్టి వెళ్ళమ్మా,” అన్నారట. ఇక అంతే. ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. కబురు లేదు. ఆయన గదికి తాళం. ఊరెళ్ళారన్నారు. మే నెల ఎండలు మండిపోతున్నాయి. ఎలీసమ్మ ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టింది. నేను మస్తాన్ దర్గాలో మొక్కుకున్నాను. ఆవిడ మాత్రం రోజూ వచ్చి బల్ల దగ్గర కూర్చుని తక్కిన అధ్యాయాలు దిద్దుకునేది. “నే చెప్పానా!” అని అరవాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! ఆ మొహం చూసి మింగేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేని వేళ, రిక్షా ఆగింది. చెంచురామయ్య గారు దిగారు. చంకలో ఆ అధ్యాయం. నేను లేచి నిలబడి కుర్చీ తుడిచాను. ఆవిడ లేచి గోడకి ఆనుకుంది.

ఆయన కూర్చుని కాగితాలు బల్ల మీద పెట్టారు. “ఇక్కడ నా పేరు ఉంది,” అన్నారు.

“ఉండాలి సార్,” అంది.

“ఉండాలి. నేను కాదనడానికి రాలేదు.” మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్నారు, తాగలేదు. “ఊరెళ్ళాను. మా అమ్మ రాజ్యమ్మ ఇంకా ఉంది, ఎనభై ఏళ్ళు. నీ కాగితాలు చదివి వినిపించాను. ‘ఒరేయ్, నువ్వేగా చేలోకి కూడు మోసింది!’ అంది. నిజమేనమ్మా. మా చేలో మిరపకోతకి వచ్చిన ఆడవాళ్ళకి మధ్యాహ్నం కూడు నేనే పట్టుకెళ్ళేవాణ్ణి, చిన్నప్పుడు, అమ్మ వెంట. ఏడాదికేడాది నా కళ్ళతో చూశాను. అయినా పుస్తకంలో లేదని రాయలేదు. తినరని పుస్తకంలో ఉంది కదా అని అదే రాశాను. మా ఇంటి సంగతి నేనే నమ్మలేదు.”

అంతటి మనిషి అలా కూర్చుని ఉంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోవడమెందుకు?

“సంతకం చేస్తాను. దానికేం అనుమానం పెట్టుకోకు,” అన్నారు. “ముందు ఇది రాసుకో. ఇన్ని పుస్తకాల్ని అడిగావు, నన్నూ అడుగు. చూసినవాణ్ణి.”

సంతోషకుమారి గారు ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసింది. సంతకం మాటకి పొంగిపోతుందేమో, దణ్ణం పెడుతుందేమో అనుకున్నాను నేను. కలం మూత తీసి, మామూలుగా అడిగింది, “కుండలో ఏముండేది సార్?”

“జొన్నసంకటి. గోంగూర పచ్చడి. కోత చివరి రోజైతే వరన్నం, మజ్జిగ.”

“ఎవరు వడ్డించేవాళ్ళు?”

“మా అమ్మ.”

“ఎట్టా వడ్డించేది సార్?”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “వాళ్ళు గట్టు కింద వరసగా కూర్చునేవాళ్ళు. అమ్మ గట్టు మీద నిలబడి, తగలకుండా, పైనుంచి వేసేది. వాళ్ళు దోసిళ్ళు పట్టేవాళ్ళు. నేను వెనక కుండ పట్టుకుని నిలబడేవాణ్ణి.”

ఎలీసమ్మ ఏ గట్టు కింద ఎన్నేళ్ళు దోసిలి పట్టిందో ఆ అమ్మాయికి తెలియదా? తెలుసు. తల ఎత్తకుండా ఉంది. ఫ్యాను గాలికి కాగితం అంచు కొట్టుకుంటోంది.

“అది కూడా రాయమ్మా,” అన్నారు చెంచురామయ్య గారు.

ఆవిడ అప్పటికే రాస్తోంది.